దువ్వాడనుండి బొర్రాకు: నీటిగుహలలో దివిటీ పట్టువారు

విశాఖపట్టణమునకు నైరుతి మూలగా, గాజువాక దాటిన పిమ్మట, దువ్వాడ యను రైలుస్టేషను గలదు. పటములో అదియొక చిన్న చుక్కయే. కాని పెక్కు దూరపు బండ్లు విశాఖ స్టేషనులోనికి పోకుండ ఇచ్చటనే నిలిచి సాగిపోవుచుండుటచే, అర్ధరాత్రివేళ సైతము ప్లాటుఫారముమీద పెట్టెలను లెక్కపెట్టుకొను తండ్రులును, పిల్లలను లెక్కపెట్టుకొను తల్లులును కనబడుచుందురు. ఊరికి దక్షిణమున ఉక్కు కర్మాగారము. 1966లో ఆంధ్రులెల్లరు ఒక్క గొంతుతో అడిగిన కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో దానిని జాతికి అంకితము చేసిరి. రాత్రిపూట మా మేడమీదికి పోయి చూచినచో ఆ దిక్కున ఆకాశము ఎరుపెక్కి యుండును. రైలుదీపములు, వీధిదీపములు, కర్మాగారపు దీపములు. మా యూరి పిల్లలకు నక్షత్రములే సరిగా తెలియవు. ఇక చీకటి సంగతి చెప్పనేల?

కడచిన శీతకాలమున నా మేనల్లుడు మా యింటికి వచ్చెను. వాడు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమునందు ఉద్యోగి. వారమునకు ఐదు దినములు కంప్యూటరు ముందు కూర్చుండును. తక్కిన రెండు దినములు నీటితో నిండిన గుహలలో ఈదుచుండును. అంతటితో పోక, ఆ గుహలలో చలనచిత్రములు తీయువారికి దీపములు పట్టుచున్నాడు. వాడు రాకముందే మా తమ్ముని భార్య నాకు ఫోను చేసి, "వదినా, వాడికి మీరంటే గౌరవం. ఆ నీళ్ళ గోల మానుకోమని మీరొక్కమాట చెప్పండి. భూమిలోపల, నీళ్ళలోపల, చీకట్లో దీపం పట్టడానికి లోకంలో వీడొక్కడే దొరికాడా?" అని మొరపెట్టుకొనెను. ఆమె మాటలో తప్పేమియు నాకు కనబడలేదు. గుహను చూచుచు గుహనుగూర్చి మాటలాడుట సులభమని తలచి, వానిని బొర్రాకు తీసికొని పోయితిని.

దువ్వాడనుండి తెల్లవారుజామున విశాఖకు చేరి కిరండూలు పోవు బండి నెక్కితిమి. సింహాచలము, పెందుర్తి, కొత్తవలస వరకు చదును నేలయే. శృంగవరపుకోట దాటినది మొదలు బండి కొండ నెక్కనారంభించును. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపానునకు పంపుటకై 1960ల దశకమున ఈ మార్గమును తొలిచిరి. ఇప్పటికిని రాయి దిగుచుండును, మనుష్యులు ఎక్కుచుందురు. 2017 నుండి అద్దపు పైకప్పుగల పెట్టెను గూడ ఈ మార్గమున నడపుచున్నారు. మేము మాత్రము సాధారణపు పెట్టెలోనే కూర్చుంటిమి. అందు అద్దమునకు బదులు గాలి వచ్చును.

సొరంగము వచ్చినప్పుడెల్ల పెట్టెలోని పిల్లలు ఒక్కపెట్టున కేకలు వేసిరి. మావాడు నవ్వి, "అత్తా, సొరంగానికి అటువైపు చివర ఉందని వీళ్ళకి తెలుసు, అందుకే ఇంత ధైర్యంగా అరుస్తున్నారు. మేము వెళ్ళేచోట అటువైపు చివర ఉండదు. ఎంత దూరం పోయినా, పోయిన దారినే వెనక్కి రావాలి," అనెను. నేను చెప్పదలచిన మాటకు ఇదియే సమయమనుకొంటిని గాని, ఇంతలో మరియొక సొరంగము వచ్చెను.

చెట్టుతొఱ్ఱవంటి బోలును మనవారు బొఱ్ఱ యందురు. ఆ పేరే ఈ గుహలకు వచ్చినదని చెప్పుదురు. అనంతగిరి కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇవి యున్నవి. మేపుటకు తోలుకొనిపోయిన ఆవు ఒకటి పైనున్న రంధ్రమునుండి గుహలో పడెననియు, దానిని వెదకుచు దిగిన కాపరికి లోపల శివలింగము కనబడెననియు, ఆ గోవు పొదుగునుండియే గోస్తనీనది పుట్టెననియు స్థలపురాణము. ఆ లింగమునకు శివరాత్రినాడు గొప్ప ఉత్సవము జరుగును.

పురాణ మెట్లున్నను, గుహను తొలిచినది నీరే. వానచినుకు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని, సోడానీటివలె ఒక కొంచెము పులుపెక్కి, సున్నపురాతి పగుళ్ళలోనికి దిగి ఆ రాతిని కరగించుకొని పోవును. గుహపైకప్పునుండి బొట్టుబొట్టుగా రాలునప్పుడు ఆ వాయువు విడిపోయి, కరగిన సున్నము మరల గట్టిపడి నిలిచిపోవును. మన వంటయింట నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట చూచియున్నాము గదా, ఇదియు అట్టిదే. గిన్నెలో నెలలలో జరుగునది ఇచ్చట వేలయేండ్లు పట్టినది. పైనుండి దిగు కొమ్ములును క్రిందినుండి లేచు దిమ్మెలును కలిసికొని కొన్నిచోట్ల స్తంభములై నిలిచినవి. మా యూరి కొలుములలోనికి పోవు సున్నపురాయి జగ్గయ్యపేట గనులనుండి వచ్చును. ఇచ్చటి కొండల రాతిమీదను గనులవారి కన్ను పడినదే. ఈ మండలములోని గనుల కౌలుల వివాదముననే, షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనులకై కౌలు కీయరాదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. సమత తీర్పు అని దానినే యందురు.

గుహద్వారము విశాలమైనది. మెట్లు దిగినకొలది పగటి వెలుగు వెనుకబడి, రాళ్ళమాటున అమర్చిన రంగు దీపములు ముందుకు వచ్చును. ఎరుపు, పచ్చ, నీలము. నాకు ఆ రంగులు అంతగా నచ్చలేదు. పెండ్లిపందిరికి తగిన దీపములు తపస్సు చేసికొను రాతికి తగునా? గబ్బిలముల వాసనయు, పైనుండి పడు చినుకును మాత్రము ఎవ్వరును అలంకరింపనివి.

మాకు దారి చూపినవాడు ఆ చుట్టుపట్ల గిరిజన గ్రామపు వృద్ధుడు. చేతిలో చిన్న టార్చి. ఒకచోట నిలువబెట్టి, "ఇక్కడేముందో చూడండమ్మా," అనెను. ఎదుట మొద్దువంటి రాయి తప్ప ఏమియు లేదు. అప్పుడతడు నాలుగడుగులు ప్రక్కకు పోయి, మోకాలిమీద కూర్చుండి, టార్చిని నేలకు దగ్గరగా పెట్టి వెలిగించెను. రాతిమీది గుంటలన్నియు నీడలతో నిండెను. తల్లి చంకలో బిడ్డ! బిడ్డ తల, తల్లి భుజము, కొంగు మడత స్పష్టముగా కనబడెను. అతడు లేచి టార్చిని మా వైపునుండి వేసినంతనే తల్లియు లేదు, బిడ్డయు లేదు. మొద్దు రాయియే మిగిలెను. మరియొకచోట స్తంభము వెనుకకు పోయి అచ్చటనుండి వెలిగింపగా, అది గడ్డము జారిన ఋషియై లేచెను.

మావాడు చేతులు జోడించి, "తాతా, ఈ పని నేర్చుకోవడానికి నేను రెండేళ్ళు డబ్బు పోసి చదువుకున్నాను," అనెను. వృద్ధుడు అది పరిహాసమనుకొనెను. కాదు. ఆ తరువాత ఒక బండమీద కూర్చుండి వాడు చెప్పిన సంగతులను బట్టి నీటిగుహలో దీపము పట్టువాని పని ఏమో నాకు తెలిసినది.

కెమెరా ప్రక్కనే దీపము నుంచిన నీటిలో పటము రాదు. నీరెంత తేటయైనను అందు సన్నని నలుసు తేలుచుండును. ఎదురుగా వేసిన వెలుగు ముందుగా ఆ నలుసులకు తగిలి తిరిగి కెమెరాలోనికే వచ్చును. పొగమంచు దినమున అరకు ఘాటురోడ్డుమీద మోటారుకారు పెద్దదీపములు వేసినచో దారి కనబడక తెల్లని తెర కనబడును గదా, అట్లు. కనుక దీపమును కెమెరాకు దూరముగా, ప్రక్కనో వెనుకనో, మరియొకడు పట్టవలెను. ఇంకొక చిక్కు గలదు. నీరు వెలుగును త్రాగివేయును, అందులోను ఎరుపును ముందుగా త్రాగును. కొలది మీటర్ల లోతున ఎఱ్ఱచీర కూడ బూడిదరంగుగా కనబడును. రాతి అసలు రంగు చూపవలెనన్న దీపమును రాతి దగ్గరకు తీసికొని పోవలసినదే. గుహ యెంత పెద్దదో తెలియవలెనన్న, ఈదువాని వెనుకనుండి వెలుగు రావలెను. అప్పుడు వాడు నల్లని ఆకారముగా, వాని చుట్టు గుహగోడలు వెలుగుచు కనబడును. మన తోలుబొమ్మలాటవారు తెరవెనుక ఆముదపు దీపము నుంచి రావణుని ఆడించినది ఈ విద్యతోనే.

చెప్పుటకు ఇంతే, చేయుట వేరు. దీపము పట్టువాడు నేలమీద నిలువరాదు, గోడను పట్టుకొనరాదు. అడుగున తరతరముల ఒండు పేరుకొనియుండును. కాలి తాకిడి ఒక్కటి చాలును, క్షణములో ఆ గుహ పాలకుండలో పడినట్లగును, తన చేయి తనకు కనబడదు. ఊపిరి పీల్చిన కొంచెము తేలును, విడిచిన కొంచెము మునుగును. ఆ ఊపిరితోనే తన్ను తాను గాలిలో వ్రేలాడదీసిన త్రాసువలె నిలుపుకొనవలెను. విడిచిన బుడగలు పైకప్పుకు తగిలి అచ్చటి మట్టిని రాల్చును. ఆ మట్టి వానవలె క్రిందికి దిగకముందే పని ముగించి జరుగవలెను. మాట లేదు, సైగయంతయు దీపముతోనే. గోడమీద వెలుగును నెమ్మదిగా గుండ్రముగా త్రిప్పిన క్షేమమని అర్థము. అటునిటు వేగముగా ఊపిన ఆపద యని అర్థము. ఎదుటివాని కన్నులలో వెలుగు వేయుట అమర్యాద మాత్రమే కాదు, అపాయము కూడ. పటములో మాత్రము దీపధారి కనబడరాదు. కనబడినచో ఆ పటము పనికిరాదు!

నీటిలోనికి వెలుగును కొనిపోవుట క్రొత్త విద్య కాదు. 1893లో లూయీ బూటాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తన సోదరుడు రచించిన కెమెరాతో సముద్రములో ఛాయాపటములు తీసెను. దానికై ఒక పెద్ద పీపాలో ప్రాణవాయువు నింపి, పైన గాజు మూతక్రింద సారాయి దీపము నుంచి, రబ్బరుబుడ్డి నొక్కి మెగ్నీషియము పొడిని మంటలోనికి ఊదుచుండెడివారు. 1899లో విద్యుద్దీపములను దింపిరి. ఆ యేడు నీటిలో పటము తీయించుకొన్నవాడు ఎమిల్ రాకోవిట్సా యను రుమేనియా జీవశాస్త్రజ్ఞుడు. చిత్రమేమనగా, ఈయనయే 1904లో స్పెయిను దేశపు మల్యోర్కా ద్వీపములోని డ్రాక్ గుహలకు పోయి, అందలి నీటిలో కన్నులు లేని చిన్న ప్రాణి నొకదానిని చూచి, తక్కిన జీవితమంతయు గుహజీవుల అధ్యయనమునకే యిచ్చెను. 1920లో క్లూజ్ నగరమున ఆయన స్థాపించిన గుహాశాస్త్రసంస్థ ప్రపంచమున మొదటిది.

1922లో నార్బర్ కాస్తెరే యను ఫ్రెంచి యువకుడు మోంతెస్పాన్ గుహలో నీరు పైకప్పును తాకినచోట, క్రొవ్వొత్తులను అగ్గిపుల్లలను రబ్బరుటోపీలో కట్టుకొని, ఊపిరి బిగబట్టి ఒంటరిగా మునిగి అవతల తేలెను. మరుసటి యేడు మరల పోయి, వేలయేండ్లనాటి మట్టి ఎలుగుబంటి బొమ్మను కనుగొనెను. "ఇది సాహసమేనా?" యని అడిగితిని. "కాదత్తా, అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకునేవాళ్ళతో మేము నీళ్ళలోకి దిగం," అని వాడు తడుముకొనక చెప్పెను.

సోదరీమణులారా, ఇది పురుషుల పనియే యని తలపకుడు. 1935లో ఇంగ్లాండులోని వూకీ హోల్ గుహలో, బరువైన లోహపు శిరస్త్రాణము ధరించి, పైనుండి గొట్టముద్వారా పంపిన గాలిని పీల్చుచు నీటిలో నడచిన బృందమున పెనెలోపీ పావెల్ అను స్త్రీ యుండెను. మన కాలమున కెనడాదేశపు జిల్ హైనర్త్ అను నామె ఫ్లోరిడాలోని వకుల్లా గుహను కొలిచిన బృందములో పనిచేసి, 2001లో అంటార్కిటికాలో తేలుచున్న మంచుకొండ గర్భములోని గుహలను చిత్రించుటలో పాల్గొనెను.

నా మనస్సును ఎక్కువగా పట్టుకొన్నది మాత్రము మరియొక బాలిక. మెక్సికోలోని యూకతాన్ ప్రాంతమున 2007లో ముగ్గురు గుహగజయీతగాండ్రు దీపములతో పోవుచుండగా, త్రోవ ఒక్కసారిగా తెగి క్రింద పెద్ద గొయ్యి కనబడెను. దీపము దాని అడుగును అందుకొనలేదు. దానికి నల్లని గొయ్యి యని పేరిడి, పిమ్మట దిగి చూడగా, పురాతన జంతువుల యెముకల నడుమ ఒక బాలిక కపాలము. పదునైదు పదునారేండ్ల పిల్ల. బ్రదికినది 12 వేలు, 13 వేలయేండ్ల క్రిందట. నాడు ఆ గుహ పొడిగా నుండెను. మంచుయుగము ముగిసి సముద్రము పెరిగిన పిమ్మట నీరు నిండెను. ఆమెకు నాయియా యని పేరు పెట్టిరి. చీకటిలో అడుగు తప్పి పడినదని పండితుల యూహ. ఆ ప్రాంతపు ఇతర గుహలలో పూర్వులు జేగురుమన్ను త్రవ్వుకొన్న గుర్తులును, వారు వెలిగించిన మంటల బొగ్గులును 2020లో వెల్లడియైనవి. జేగురు! మన గడపలకు, అరుగులకు పూయు జేగురే. దానికై వారు దివిటీలు పట్టుకొని అంత లోపలికి పోయిరి.

ఈ కథ విని నేను, "మరి నీ అడుగు తప్పితే?" అని అడిగితిని. ఆ మాటకు వాడు నవ్వలేదు.

వాని సమాధాన మిది. ఫ్లోరిడా గుహల ముఖములయందు మృత్యుదేవత బొమ్మ వ్రాసిన పలకలు నీటిలోనే పాతియున్నవి. శిక్షణ లేనివాడు అచ్చటినుండి వెనుకకు మరలవలెనని వాని భావము. షెక్ ఎక్స్‌లీ యను ప్రసిద్ధుడు ఎందరి మరణములనో పరిశీలించి, 1979లో వెలువరించిన చిన్నపుస్తకమున నియమములను కూర్చెను. వెలుపలి నీటినుండి తెగని త్రాడు వెంట నుండవలెను. తెచ్చిన గాలిని మూడు పాళ్ళు చేసి, ఒకటి పోవుటకు, ఒకటి వచ్చుటకు, మూడవది ఆపదకు ఉంచవలెను. ఆ మూడవపాలు తనది కాదు, గాలి తప్పిన తోడివానిది. దీపములు మనిషికి మూడు. ఒకటి చెడినంతనే, ఎంత గొప్ప పటము తీయుచున్నను, అందరును వెనుకకు మరలవలెను. చిత్రము తీయు పెద్దదీపము ఈ లెక్కలో చేరదు. "మరి ఆ ఎక్స్‌లీ ఎలా ఉన్నాడు?" అంటిని. వాడు కొంచెము సేపు ఊరకుండి, 1994లో మెక్సికోలోని సకతోన్ అను మడుగున, అతిలోతునకు దిగు ప్రయత్నములో పోయెనని చెప్పెను. అడిగినదానికి అబద్ధ మాడలేదు. అది నాకు నచ్చినది.

గుహ వెలుపల వెదురుబొంగులలో కోడిమాంసము కాల్చి అమ్ముచుందురు. మేము మాంసము తిననివారము గనుక టీతో సరిపెట్టుకొంటిమి. అచ్చటినుండియే మా మరదలికి ఫోను చేసి, మానుమని నేను చెప్పలేదనియు, చెప్పిననూ వాడు మానడనియు, కాని మూడు దీపముల సంగతియు మూడవపాలు సంగతియు ఇట్లని వివరించితిని. ఆమె అంతయు విని, "రెండో దీపం ఆరిపోయినప్పుడు నిజంగా వెనక్కి వచ్చాడా అని అడగండి," అనెను. అడిగితిని. రెండుమారులు వచ్చితినని వాడు చెప్పెను. ఒకమారు చిత్రబృందమువారు వారమంతయు వేచిన పటము చేజారినదట. ఆమె సమాధానపడినదో లేదో నాకు తెలియదు. వాడు వేళకు తినుచున్నాడా యని మాత్రము అడిగెను.

దీపమువలన గుహకును అపాయమున్నది. ఎండ యెరుగని రాతిమీద నిత్యము వెలుగు పడినచో పాచి పుట్టి పచ్చనగును. ఫ్రాన్సులోని లాస్కో గుహ 1940లో బయటపడెను. 1948లో జనులకు తెరచిరి. వేలమంది ఊపిరివలనను దీపములవలనను చిత్రముల గోడలు పాడగుచుండగా 1963లో మూసివేసిరి. బొర్రాలో మా వృద్ధుడు టార్చిని ప్రతిమారును క్షణములో ఆర్పివేయుచుండెను. బ్యాటరీ పొదుపునకో, రాతిమీద జాలిచేతనో అడుగలేదు. ఏదైనను మంచి అలవాటే.

మావాడు గోస్తనిని చూడక కదలనన్నందున మెట్లు దిగి పోయితిమి. రాతిపొరలనడుమ ఎక్కడో పారి, నది ఇచ్చట వెలుగులోనికి వచ్చును; తాటిపూడి జలాశయమున నిలిచి విశాఖపట్టణమునకు త్రాగునీరై, మిగిలినది భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. వాడు గట్టున కూర్చుండి చాలసేపు చూచెను. దిగవలెనని యున్నదా యని అడుగగా, తల అడ్డముగా ఊపి, ఒండ్రునీరు, ఇరుకుదారి, త్రాడు లేదు, తోడు లేదు అని వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టెను.

చూడగోరువారికి రెండు మాటలు. లోపల మెట్లు తడిసి జారుచుండును గనుక పట్టుగల చెప్పులు వేసికొనవలెను. చీర కుచ్చిళ్ళు కొంచెము పైకి దోపుకొనుట మేలు. శివలింగమువద్దకు నిటారు మెట్లు గలవు, మోకాళ్ళ నొప్పిగలవారు క్రిందనుండియే నమస్కరింపవచ్చును. దారి చూపువానిని వెంట నుంచుకొని, రంగు దీపములు లేని మూల ఒకదానికి తీసికొని పొమ్మని అడుగుడు. అచ్చట అతనిని టార్చి ఆర్పుమని చెప్పి, పిల్లల చేతులు పట్టుకొని, పది లెక్కపెట్టునంతవరకు నిలువుడు.